సాయంత్రం పోట్లాట

జూలై 6

మరదలికి,

క్షేమంగా వచ్చి పడ్డాను. గదిలో రెండు మంచాలు, ఒక బీరువా, తలుపు వెనక ఒక అద్దం ఉన్నాయి. ఆ అద్దాన్ని ఎవరో పొడుగాటి మనిషి తన కొలతకి బిగించుకున్నట్టుంది, నాకు నుదురు మాత్రమే కనిపిస్తోంది. నాతో పాటు గదిలో ఉన్నావిడ ఇంకో ఊరి నీళ్ళ శుద్ధి కేంద్రం నుంచి వచ్చింది. నిద్రలో కూడా మర్యాదగా పక్కకి తిరుగుతుంది. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని సంచిలో వేసి ముడేశారు, శిక్షణ అయ్యేదాకా ఇవ్వరట. వార్డెన్ గదిలో ఒక ఫోను ఉంది గానీ, కొంప మునిగితే తప్ప దాన్ని ముట్టుకోకూడదని ఆవిడ మొదటి రోజే చెప్పేసింది. కనుక మనకి ఉత్తరాలే గతి.

మన ఒప్పందం ఇంకోసారి రాస్తున్నాను, తర్వాత మాట తేడా రాకుండా. టముకు పదో తరగతి. నా కూతురని కాదు గానీ ఇప్పటిదాకా మంచి మార్కులే తెచ్చుకున్న పిల్ల. నేను లేని ఈ ఆరు నెలలూ నువ్వొచ్చి మా ఇంట్లో ఉంటున్నావు కనుక దాని చదువు నీ పూచీ. "కాలేజీలో వందలమందికి ఎలా చదవాలో నేర్పేదాన్ని, ఇంట్లో ఒక్క పిల్లకి నేర్పలేనా" అని నువ్వే అన్నావు. సెప్టెంబరు పరీక్షల్లో దాని మార్కులు పడిపోతే నేను మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తాను. ఇక్కడ మధ్యలో వదిలేసిన వాళ్ళని మళ్ళీ చేర్చుకోరు. సీసాలు కడిగి నీళ్ళ నమూనాలు పట్టే పనిలోంచి ప్లాంటు నడిపే పనికి ఎక్కడానికి నాకున్న దారి ఇదొక్కటే. అయినా సరే, పిల్ల తర్వాతే ఏదైనా. మీ అన్నయ్యకి అప్పజెప్పి లాభం లేదు. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఆ కండక్టరు గారికి మేమంతా టికెట్ తీసుకోని వాళ్ళలాగే కనిపిస్తాం.

ఒక్క సంగతి ముఖ్యం. అత్తయ్యకీ టముకుకీ రోజూ సాయంత్రం జరిగే పోట్లాట ఎలాగైనా ఆపించు. నేను డ్యూటీ నుంచి వస్తుంటే వీధి మలుపులోనే వినిపించేది. అది దేనికి మొదలవుతుందో నాకు తెలియదు. తెలుసుకునే ఓపిక లేక నేరుగా వంటింట్లోకి పోయి కుళాయి తిప్పేసేదాన్ని. ఆవిడ నీ కన్నతల్లి కాబట్టి నీ మాట వింటుందేమో చూడు. ఆ సమయం కలిసొస్తే పిల్ల ఇంకెంత బాగా చదువుకుంటుందో.

గ్యాస్ పొయ్యి ఎడమ మీట నొక్కిపట్టి తిప్పాలి, లేకపోతే వెలగదు.

మీ వదిన


జూలై 19

వదినా,

ఒప్పందం అందింది. సాక్షి సంతకాలు కూడా పెట్టించి పంపనా?

అన్నీ అమర్చేశాను. వెనక గది టముకుకి ఇచ్చాను. బల్లని గోడవైపు తిప్పాను, కిటికీకి మందపాటి తెర వేశాను, టీవీ తీగ నా పెట్టెలో దాచాను. నాలుగు రంగుల్లో టైమ్‌టేబుల్ వేయించాను. ఎంతసేపు చదవాలో, ఎప్పుడు లేచి నీళ్ళు తాగాలో అన్నీ అందులో ఉన్నాయి. టముకు దాన్ని ఎంత శ్రద్ధగా గీసిందంటే రెండు సాయంత్రాలు ఆ గీయడానికే సరిపోయాయి. సోమవారం గడిలో ఒక పువ్వు కూడా వేసింది.

ఇక నీ ముఖ్యమైన సంగతి. అమ్మని చిన్నన్నయ్య ఇంటికి పంపించాను. రెండు వీధుల అవతలేగా. మొదట ససేమిరా వెళ్ళనంది. బతిమాలాను, వినలేదు. విసుగొచ్చి "సరే, వెళ్ళొద్దులే, ఇక్కడే ఉండు" అన్నాను. వెంటనే సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, మా అమ్మని తూర్పుకి పంపాలంటే పడమరకి పొమ్మనాలి.

ఇప్పుడు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందంటే, మన ఫ్రిజ్‌కి అంత గొంతు ఉందని నాకిప్పుడే తెలిసింది. చిన్నన్నయ్య నీ కూతురికి టముకు అని ఊరికే పేరు పెట్టలేదు గానీ, ఇప్పుడు దాని నోరు కూడా లేవడం లేదు.

నీకూ ఒక సలహా. పేజీలకి పేజీలు గీతలు గీసుకుంటూ పోకు. అలా చేస్తే చదివినట్టు అనిపిస్తుంది, అంతే. ఒక పాఠం అయ్యాక పుస్తకం మూసెయ్. ఎదురుగా ఎవరో కూర్చున్నారనుకుని నీ సొంత మాటల్లో చెప్పు. మా క్లాసులో మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. దీనికి మామూలుగా రుసుము ఉంటుంది, వదినవి కాబట్టి ఊరికే చెబుతున్నాను.

మీ మరదలు


ఆగస్టు 2

మరదలికి,

అత్తయ్యని పంపిన సంగతి చదివి మనసు కుదుటపడింది. నువ్వు గట్టిదానివి. నేనైతే ఆ మాట అనడానికి ఏడాది పట్టేది.

ఇక్కడ పొద్దున పాఠాలు, మధ్యాహ్నం పని. ఆరు గాజు గ్లాసుల్లో ఒకే బురద నీళ్ళు పోసి, ఒక్కోదానిలో ఒక్కో మోతాదు పటిక కలిపి తిప్పుతాం. ఏ గ్లాసులో మట్టి ముందు గడ్డకట్టి కిందికి దిగుతుందో చూసి, ప్లాంటులో ఎంత వెయ్యాలో తేల్చాలి. చేత్తో చెయ్యమంటే బాగానే చేస్తాను. ఎందుకలా అవుతుందో రాయమంటేనే కలం కదలదు.

నువ్వు చెప్పినట్టు పుస్తకం మూసి ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టి చూశాను. మొదట నిన్ను కూర్చోబెట్టాను. నువ్వు అన్నిటికీ తలూపావు. తర్వాత మీ అన్నయ్యని కూర్చోబెడితే నిద్రపోయాడు. ఆ తర్వాత పిలవకుండానే అత్తయ్య వచ్చి కూర్చుంది. ఇక్కడ కూడానా అని పుస్తకం విసిరేసి పడుకున్నాను.

నవ్వకు. నీతో కాక ఎవరితోనూ అనలేని మాట ఒకటుంది. నేను ఈ శిక్షణకి దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ బయల్దేరేదాకా ఆవిడ వెయ్యని అడ్డుపుల్ల లేదు. నీకంటే చిన్నవాడు నీమీద అధికారి అయితే పడతావా? ఒంటరిగా ఉన్నప్పుడు మోటారు ఆగిపోతే ఎవర్ని పిలుస్తావు? ఇన్నేళ్ళు సీసాలు కడిగినదానివి, ఇప్పుడు నీ మాట ఎవరు వింటారు? నేను ఏడ్చినంత పనయ్యి ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని. ఆవిడేమో కళ్ళజోడు తీసి తీరిగ్గా తుడుచుకునేది, నా మాట గాలికి పోయినట్టు. మర్నాడు మళ్ళీ కొత్తది మొదలు. నేను పైకి రావడం ఆవిడకి ఇష్టం లేదు. అది నా మనసులో ఉండిపోయింది.

టముకుకి చెప్పు, జడ తనే వేసుకోవడం నేర్చుకోమని.

మీ వదిన


సెప్టెంబరు 8

వదినా,

దాచి లాభం లేదు. మార్కులు వచ్చాయి. లెక్కల్లోనూ సైన్సులోనూ మునుపటి దాంట్లో సగానికి పడిపోయాయి. మిగతావి ఫరవాలేదు, కానీ చెప్పుకునేలా లేవు.

నాకేమీ అర్థం కావడం లేదు. టైమ్‌టేబుల్ ఒక్కరోజు తప్పలేదు. గడులన్నిట్లో టిక్కులున్నాయి. కుర్చీలోంచి లేవమన్నప్పుడే లేచింది. పుస్తకంలో గీత లేని వాక్యం లేదు. అప్పజెప్పమంటే ఉన్నదున్నట్టు ఏకరువు పెడుతుంది. ప్రశ్న కాస్త తిప్పి వేస్తే మాత్రం నా మొహంలోకి చూస్తుంది. నేను చెబితే తలూపుతుంది. మర్నాడు మళ్ళీ అదే చూపు.

నా పనిలో ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. ఏ లోపమూ లేకుండా మార్కులు పడిపోతే మనసులో ఏదో బెంగ ఉన్నట్టు. నువ్వు లేకపోవడం వల్లే అయివుంటుంది. నెమ్మదిగా సర్దుకుంటుంది.

మీ మరదలు


సెప్టెంబరు 13

మరదలికి,

నేను లేకపోవడం వల్లే అని రాశావు. అంటే అన్నీ నువ్వు సరిగ్గానే చేశావు, తప్పు నాదన్నమాట. కాలేజీ పిల్లల తల్లులకి కూడా ఇలాగే చెబుతావా?

నేను ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం ఎంతసేపు ఉన్నానని? పొద్దున వెళ్ళి పొద్దుపోయాక వచ్చేదాన్ని. అప్పుడు లేని బెంగ ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? నీ రంగుల కాగితాలే పిల్ల నోరు నొక్కేశాయేమో చూసుకో. ఈ మాట అత్తయ్య చెవిన పడితే ఏమంటుందో నాకు ఇక్కడికే వినిపిస్తోంది. "నేను ముందే చెప్పాను" అంటుంది.

ఒప్పందం ఒప్పందమే. అయినా నీ మీద గౌరవంతో ఇంకొక్క ఉత్తరం దాకా ఆగుతాను.

వదిన


సెప్టెంబరు 18

వదినా,

కోపంలో కూడా నీ చేతిరాత గుండ్రంగానే ఉంది. నువ్వన్న మాటలన్నీ పడ్డాను.

ఇంకో సంగతి చెప్పాలి, కంగారు పడకు. పది రోజులుగా టముకు స్కూలు నుంచి ఆలస్యంగా వస్తోంది. అడిగితే లైబ్రరీ అంటుంది. లైబ్రరీకి వెళ్ళి అడిగాను. ఆ పిల్ల ఈ నెలలో గడప తొక్కలేదని చెప్పారు. వచ్చేసరికి జుట్టు చెదిరిపోయి, గొంతు బొంగురుపోయి ఉంటుంది. కళ్ళు మాత్రం మెరుస్తుంటాయి. ఏమైందంటే నోరు మెదపదు. సోమవారం నేనే దాని వెనక వెళ్ళి చూస్తాను. చూశాక వెంటనే రాస్తాను, అప్పటిదాకా ఏమీ చెయ్యకు.

మీ మరదలు


సెప్టెంబరు 23

వదినా,

వెళ్ళాను, చూశాను. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

స్కూలు గేటు దగ్గర నుంచి వెంబడించాను. నా వయసుకి తగని పని, రెండుసార్లు కరెంటు స్తంభం చాటున నిలబడ్డాను. అది నేరుగా రెండో వీధిలోకి తిరిగి చిన్నన్నయ్య ఇంటి మెట్లెక్కింది. నేను కింద మెట్ల దగ్గరే ఆగిపోయాను, పైనుంచి అప్పటికే అరుపులు మొదలయ్యాయి.

"నా డబ్బాలో పది బిస్కెట్లున్నాయి. ఎవరికీ పంచలేదు. పదీ నా దగ్గరే ఉంటాయా లేదా? మరి సున్నాతో భాగిస్తే పదే రావాలిగా?" ఇది అమ్మ.

"రాదు నానమ్మా! నీ దగ్గర ఉంచుకున్నావంటే నీకు నువ్వు పంచుకున్నట్టే. అది ఒకటితో భాగించడం!"

"నేను తినలేదే. డబ్బాలోనే పెట్టాను."

"తింటే ఏంటి, పెడితే ఏంటి! భాగమంటే ఒక్కో మనిషికి ఎన్ని అని. మనిషే లేకపోతే ఇంక ఒక్కో మనిషికి అనే మాటెక్కడిది?"

"మనిషే లేకపోతే మరి బిస్కెట్లు ఎవరు కొన్నారే?"

టముకు కాళ్ళు నేలకేసి కొట్టిన చప్పుడు వినిపించింది. ఏడుస్తుందేమో, పైకి వెళ్దామా అనుకున్నాను. అంతలో అది గొంతు తగ్గించి ఇంకో దారిలో మొదలుపెట్టింది.

"సరే, ఇది విను. డబ్బాలోంచి రెండేసి తీస్తూ పో. ఎన్నిసార్లకి ఖాళీ అవుతుంది? అయిదుసార్లకి. ఒక్కోటి తీస్తే? పదిసార్లకి. ఇప్పుడు సున్నా తియ్యి. మళ్ళీ సున్నా తియ్యి. ఎన్నిసార్లకి ఖాళీ అవుతుంది?"

పైన డబ్బా మూత టక్కుమంది. "ఎప్పటికీ అవదు," అంది అమ్మ చివరికి, తనకేదో నష్టం జరిగినట్టు. అప్పుడు నేను పైకి వెళ్ళాను. అమ్మ కళ్ళజోడు తీసి రుమాలుతో తుడుచుకుంటోంది. టముకు నన్ను చూసి ముందు బెదిరింది గానీ, గెలిచిన ఊపులో ఉండి దాచుకోలేకపోయింది. "నానమ్మ కళ్ళజోడు తుడిస్తే నేను గెలిచినట్టు, అత్తా. పైకి ఒప్పుకోదు, అంతే. ఇంకా సైన్సు ఉంది, కూర్చో."

ఇది నాలుగేళ్ళుగా నడుస్తోందట. ఆ రోజు స్కూల్లో చెప్పిన పాఠం టముకు వచ్చి చెబుతుంది, అమ్మ నమ్మనంటుంది. అదే పోట్లాట. మార్కులు వచ్చిన రోజే టముకు తనంతట తను నానమ్మ దగ్గరికి వెళ్ళింది. మాకు ఎందుకు చెప్పలేదంటే, నానమ్మతో పోట్లాడొద్దని నువ్వు శిక్షణకి వెళ్తూ వెళ్తూ దాని చేత ఒట్టు వేయించుకున్నావట.

అమ్మని అడిగాను, నువ్వు ఇదంతా కావాలనే చేస్తావా అని. "నాకేం తెలుసే? అది చెప్పేది నాకు ఎక్కకపోతే ఎక్కలేదంటాను. నీకు ఎక్కకపోయినా తలూపుతావు, నీకది అలవాటు" అంది.

చదివింది ఇంకొకరికి సొంత మాటల్లో చెప్పాలి, ఎదుటివాళ్ళు అడ్డు ప్రశ్నలు వెయ్యాలి, జవాబు దొరక్కపోతే వేరే దారి వెతకాలి. ఇవన్నీ నేను పెద్ద తెర మీద బొమ్మలేసి చెప్పే పాఠాలు. వాటిని సంచి సర్దించి రెండు వీధుల అవతలికి పంపింది నేనే, పంపమన్నది నువ్వు. నాకు చాలా సిగ్గేసింది. నవ్వూ వచ్చింది. వదినా, పిల్లకి బెంగ నీమీద కాదు, పోట్లాట మీద.

నువ్వు రావద్దు.

మీ మరదలు


సెప్టెంబరు 24

మరదలికి,

నీ 18వ తేదీ ఉత్తరం నిన్న అందింది. ఆలస్యంగా రావడం, అబద్ధం చెప్పడం, జుట్టు చెదిరిపోవడం. దాని వయసు పిల్లల విషయంలో వీటికి అర్థం ఏమిటో నాకు నువ్వు చెప్పక్కర్లేదు. సోమవారం నువ్వు ఏం చూశావో తెలిసేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఫోను చేద్దామంటే వార్డెన్ గదిలో లైను నాలుగు రోజులుగా పనిచెయ్యడం లేదు.

ఈ పొద్దున ఇంటికి పంపెయ్యమని అర్జీ ఇచ్చేశాను. ప్రిన్సిపాల్ ఊళ్ళో లేరు, మంగళవారం వచ్చి సంతకం పెడతారట. ఆ రాత్రి బస్సుకే బయల్దేరతాను. గదిలో ఉన్నావిడ నా పుస్తకాలు తనకిమ్మని మర్యాదగా అడిగింది. ఇస్తానన్నాను. నిన్ను నేనేమీ అనడం లేదు. దాన్ని వదిలి రావడమే నాది తప్పు.

వదిన


సెప్టెంబరు 29

మరదలా,

నీ 23వ తేదీ ఉత్తరం నిన్న సాయంత్రం భోజనాల గదిలో నా చేతికిచ్చారు. అక్కడే నిలబడి చదివాను, కూర్చోమన్నావని గుర్తుకొచ్చేసరికి అయిపోయింది.

పొద్దున ఆఫీసు తెరవకముందే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. అర్జీ ఇంకా గుమాస్తా బల్ల మీదే ఉంది. వెనక్కి తీసుకోవాలంటే కారణం రాసివ్వాలన్నాడు. "ఇంట్లో పోట్లాటలు మళ్ళీ మొదలయ్యాయి కనుక ఉండిపోతున్నాను" అని రాసిచ్చాను. అతను రెండుసార్లు చదివి, నా మొహం చూసి, జాలిపడి అర్జీ తిరిగిచ్చేశాడు. నా పుస్తకాలు కూడా వెనక్కి తెచ్చుకున్నాను. అవి ఇస్తూ ఆవిడ మొదటిసారి అమర్యాదగా మొహం పెట్టింది.

ఇప్పుడు అసలు మాట. నన్ను ఈ శిక్షణకి ఎంపిక చేసినప్పుడు ముగ్గురు అధికారులు కూర్చుని ప్రశ్నలు వేశారు, గుర్తుందా? నీకంటే చిన్నవాడి కింద పనిచెయ్యగలవా, ఒంటరిగా ఉన్నప్పుడు మోటారు ఆగితే ఏం చేస్తావు, నీ మాట ఎవరు వింటారు. నాతో వచ్చిన వాళ్ళు తడబడ్డారు. నేను గడగడా చెప్పేశాను. ఇంటికొచ్చి నా అంత తెలివైనది లేదనుకుని రెండు రోజులు నిటారుగా నడిచాను. ఆ జవాబులన్నీ అప్పటికే మన వంటింట్లో అత్తయ్యకి చెప్పి ఉన్నానని నీ ఉత్తరం చదివేదాకా నాకు తట్టలేదు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకునేది అని రాశాను కదా. ఎన్నిసార్లో తుడుచుకుంది, మరదలా. అన్నిసార్లూ నేను గెలిచానన్నమాట. నాకు తెలియలేదు. నిన్న దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా ఆవిడకి.

అత్తయ్యని ఇంటికి తీసుకొచ్చెయ్.

మీ వదిన


అక్టోబరు 6

వదినా,

అమ్మ వచ్చేసింది. రమ్మని ఒక్కసారి కూడా పిలవలేదు. "ఇక్కడ టముకు ప్రశాంతంగా చదువుకుంటోంది, నువ్వు చిన్నన్నయ్య దగ్గరే హాయిగా ఉండు" అన్నాను. టీ వేళకి సంచితో దిగింది.

టైమ్‌టేబుల్ గోడ మీద లేదు. టముకు దాన్ని తిరగేసి, వెనక వైపు గుండెకాయ బొమ్మ వేసి, రక్తం ఎటునుంచి ఎటు పోతుందో అమ్మకి చూపిస్తోంది. అమ్మ ఆ దారి నమ్మడం లేదు. మొన్న స్కూల్లో పెట్టిన చిన్న పరీక్షలో మార్కులు మునుపటి దగ్గరికి వచ్చాయి. క్లాసులో ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తోందని లెక్కల మాస్టారు కబురు పంపారు. అన్నయ్య వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చాడు. నేనైతే చెప్పేదాన్ని కాదు.

నువ్వు వచ్చేస్తానన్న సంగతి అమ్మకి చెప్పాను. వెళ్ళొద్దని అంత పోరినావిడ ఇప్పుడేమందో తెలుసా? "మధ్యలో వస్తే తలుపు తియ్యనని రాయి" అంది. తర్వాత ఇది కూడా రాయమంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అక్కడ అన్ని నెలలుండి మీ వదిన నేర్చుకునేది నీళ్ళలో పటిక వెయ్యడమా? పటికెందుకు? మంచి గుడ్డ నాలుగు మడతలేసి వడకడితే చాలదా? దీనికోసం ఇల్లు వదిలి వెళ్ళాలా? నాకేం నమ్మకం లేదు. ఏం చెబుతుందో చెప్పమను."

నేను జవాబు చెప్పబోయాను. నిన్నెవరడిగారు అంది.

మీ మరదలు


అక్టోబరు 11

అత్తయ్య గారికి,

టముకు చేత చదివించుకోండి. మధ్యలో అది సొంత తెలివి కలిపితే ఒప్పుకోకండి.

గుడ్డ చాలదు. మట్టి రేణువులు మీ గుడ్డ నేత కంటే సన్నగా ఉంటాయి, ఎన్ని మడతలేసినా నీళ్ళతో పాటే దిగిపోతాయి. మరి వాటంతట అవే అడుక్కి దిగవా అంటారు, తెలుసు. దిగవు. ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వకుండా నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. పటిక వేసి తిప్పితే ఆ నెట్టుకోవడం ఆగి, ఒకదానికొకటి అంటుకుని గడ్డలవుతాయి. అప్పుడు బరువెక్కి దిగుతాయి. మిగిలిన కాస్త ఇసుకలో వడపోస్తాం.

అలాగైతే పటిక ఇంకా ఎక్కువ వేస్తే ఇంకా శుభ్రమవుతాయిగా అని మీరు అడుగుతారు. అడుగుతారని తెలిసి ముందే జవాబు రాయబోయాను. కలం ఆగిపోయింది. మోతాదు మించితే నీళ్ళు మళ్ళీ మసకబారడం నా గ్లాసుల్లో నేనే చూశాను, ఎందుకో మాత్రం నాకు తెలియదు. లేచి పుస్తకం తీశాను. పటిక మరీ ఎక్కువైతే అది రేణువులన్నిటినీ కప్పేసి, అవి మళ్ళీ నెట్టుకోవడం మొదలుపెడతాయట. ఈ ప్రశ్న పరీక్షలో వస్తుందని నిన్ననే మాస్టారు అన్నారు. మీరు ముందే అడిగారు.

ఇంత చెప్పినా మీరు నమ్మరు. నమ్మకండి. ఇంకో ప్రశ్న రాయించి పంపండి. క్లోరిన్ గురించి అయితే మంచిది, అందులో నేను చాలా వెనకబడి ఉన్నాను.

నా పరీక్ష డిసెంబరులో. అప్పటిదాకా దయచేసి కళ్ళజోడు తుడవకండి.

మీ కోడలు